పప్పు ఉడికిన ఊళ్ళోనే ఫోటో

మొన్న చలి మొదలైన రోజుల్లో మా మనవరాలు నా మంచం మీద చేరి, ఫోను వేలితో తోసుకుంటూ, క్రిస్మస్ సెలవుల్లో ఎక్కడికి పోతే ఫోటోలు బాగా వస్తాయో వెతుకుతూ ఉంది. ఒక చోట మంచు కురుస్తుందట, ఇంకొక చోట తెల్లవారుజామున మబ్బులు కొండల కిందికి దిగుతాయట, మరొక చోట సూర్యోదయం చూడముచ్చటగా ఉంటుంది గానీ జనం మరీ ఎక్కువట. గంటసేపు తోసినా ఊరు తేలలేదు. చూసి చూసి నోరు ఊరుకోక, ఆ ఊళ్ళో పప్పు ఉడుకుతుందా అని అడిగాను. పెద్దామెకు మతి తప్పినట్టుందని వాళ్ళమ్మతో చెప్పడానికి లేచింది కాబోలు, లేచినది మధ్యలో గోడ దగ్గర ఆగి, అక్కడ వేలాడుతున్న మా జేజి పటాన్ని తేరిపార చూసి, ఈమె మంచు కురిసే ఊరికి ఎప్పుడు పోయిందని నన్నే ఎదురు అడిగింది.

పటం నిండా తెల్లటి చుక్కలు ఉన్న మాట నిజమే. కానీ మా జేజి, అంటే మా నాయనను కన్న తల్లి, కోయిలకుంట్ల దాటి ఎరగదు. ఆ చుక్కల సంగతి చెప్పాలంటే ముందు పప్పు సంగతి చెప్పాలి, అది చెప్పాలంటే నా దొంగతనం సంగతి చెప్పాలి. తొంభై ఏళ్ళు దాటినదాన్ని, ఇప్పుడు నన్ను ఎవరేం చేస్తారు గనక, చెప్పేస్తాను.

మా ఆయన మగ్గాల ఇంట్లో పుట్టి, మగ్గం వదిలి, మద్రాసులో పని నేర్చుకుని వచ్చి కర్నూలులో ఫోటోలు తీసేవాడు. ఇప్పటి వాళ్ళకు తెలియదు గానీ మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఫోటో గాజు పలక మీద పడేది, ఆ పలకను మందునీళ్ళలో ముంచి, మంచినీళ్ళలో మళ్ళీ మళ్ళీ కడగాలి. మన ఎండాకాలం సంగతి చెప్పేదేముంది, కుండలో నీళ్ళు కూడా చేయి కాలేటట్టు ఉండేవి, ఆ నీళ్ళలో వేస్తే పలక మీది బొమ్మ మీగడలాగా జారి పళ్ళెంలోకి దిగిపోయేది. అందుకని బయటి ఊళ్ళు తిరిగి ఫోటోలు తీయడమంటే చలికాలం మూడు నెలలే. ఆ మూడు నెలలకు ఏ ఊరికి పోవాలన్నది మా ఇంట్లో పెండ్లి సంబంధం చూసినంత పెద్ద పని.

చల్లదనం ఒక్కటే చాలదు. మన సీమలో నీళ్ళ గుణం తెలిసిందే, బావికొక రుచి. ఉప్పు నీళ్ళలో కడిగిన పలక ఆరితే, ఆ ఉప్పు పైకి తేలి గింజ కడుతుంది. ఉప్పు నీళ్ళు ఏవో, మంచి నీళ్ళు ఏవో కనుక్కోవడానికి మా ఆయన దగ్గర మద్రాసు చదువేమీ పనికి రాలేదు, పనికి వచ్చింది వాళ్ళమ్మ పొయ్యి. మా అత్త కార్తీకంలో ఊరూరి నీళ్ళు సీసాల్లో తెప్పించి, ప్రతి నీటికీ సోలెడు కందిపప్పు, అదే కుండ, లెక్కగా అయిదు కట్టెలు పెట్టి ఉడికించేది. కట్టెలు ఆరిపోయేసరికి పప్పు మెత్తబడితే ఆ ఊరికి ప్రయాణం. గింజ గింజలాగే నిలబడితే ఆ ఊళ్ళో ఎంత గొప్ప కోట ఉన్నా, ఎంత అందమైన లోయ ఉన్నా, మా ఆయన అటు తిరిగి చూసేవాడు కాదు. ఇంత శాస్త్రం మద్రాసులో కూడా లేదని ఆయన గర్వం.

నేను కాపురానికి వచ్చిన ఏడాది యుద్ధకాలం. గాజు పలకలు దొరకడం గగనమైపోయి, ఎంత తిరిగినా ఒక డజను పలకల పెట్టె మాత్రం చిక్కింది. డజను పలకలకు ఒకే ఊరు. మా అత్తకు నందికొట్కూరులో చెల్లెలు ఉంది, కాబట్టి అక్కడి నీళ్ళు అమృతం. మా ఆయనకు మంత్రాలయం మీద మనసు, యాత్రికులు వస్తారని. నా మనసు ఎవరూ అడగలేదు. కోయిలకుంట్ల అవతల, కుందూ నది దాటి ఆరు మైళ్ళు పోతే మా పుట్టినూరు, అక్కడ మా జేజి ఉంది. మా అమ్మ నా మూడో ఏట పోతే నన్ను పెంచింది ఆమే, కండెలు చుట్టే రాట్నం పక్కనే నన్ను పడుకోబెట్టుకుని. అప్పటికి ఆమెకు ఎనభై పైమాటే, చలి వస్తే దగ్గు, ఇంతవరకూ ఒక్క ఫోటో లేదు. ఫోటోలు తీసేవాణ్ణి కట్టుకుని కూడా జేజి ముఖం దక్కించుకోలేకపోతే నా బతుకెందుకు అనిపించేది నాకు.

మా ఊరి నీళ్ళు ఎట్లాంటివో నాకు తెలియదా? ఆ బావి నీళ్ళతో పెరిగినదాన్ని. జేజి ముందు రోజే పప్పు నానవేసి, కుందూ నీళ్ళు ఎవరైనా తెస్తే తప్ప ఉడకదని తిట్టుకుంటూ వండేది. అయినా మా ఊళ్ళో ఎద్దులబండి తోలే ఆయన, వరసకు నాకు చిన్నాయన, చీరల మూటలతో కర్నూలు వచ్చినప్పుడు ఒక సీసా నీళ్ళు తెమ్మని చెప్పి పంపాను. మా అత్త పొయ్యి మీద మా ఊరి కుండ ఎక్కించి కాసేపు పెరట్లోకి పోయింది. బజ్జీలకు వాడే సోడా ఉప్పు డబ్బా చేతికి అందేంత దూరంలో ఉంది. చిటికెడు వేద్దామనుకున్నాను, పెరటి తలుపు చప్పుడైతే తొందరలో మూడు చిటికెలు పడ్డాయి.

ఆ పప్పు ఉడికిన తీరు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. రెండో కట్టెకే పొంగింది, మూడో కట్టెకే గుజ్జయింది, గరిటె పెట్టే పనే లేకపోయింది. మంత్రాలయం, నందికొట్కూరు దాని ముందు ఎందుకూ కొరగాలేదు. మా ఆయన కుండలోకి చూసి, ఇలాంటి నీళ్ళు మన సీమలో ఉన్నాయని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదే అని ఆశ్చర్యపోయాడు. మా అత్త ఒక ముద్ద నోట్లో వేసుకుని, నా వైపు ఒకసారి చూసి, సరే అట్లే పోదామంది. చెల్లెలి ఊరిని అంత తేలిగ్గా ఎందుకు వదులుకుందో అప్పుడు నాకు తట్టలేదు.

బొగ్గుతో నడిచే బస్సులో దగ్గుతూ కోయిలకుంట్ల చేరి, అక్కడినుంచి చిన్నాయన బండిలో మా అత్తతో సహా ముగ్గురం మా ఊరు పోయాం. మొదటి మూడు రోజుల్లో తొమ్మిది పలకలు అయిపోయాయి. చర్చి ముందు క్రిస్మస్‌కు కొత్తబట్టలు కట్టుకున్న సంసారాలు, మగ్గం గుంటల్లో కూర్చున్న మా వాళ్ళు, ఒక కొత్త జంట. మిగిలిన మూడూ జేజికి. ఆమె రాట్నం ముందు పెట్టుకుంటే గానీ కూర్చోనంది, ఊరికే కూర్చున్నట్టు పటంలో పడితే చచ్చిన తర్వాత కూడా సోమరి అంటారట. మూడు అంకెలు లెక్కపెట్టేవరకూ కదలవద్దని మా ఆయన నల్లగుడ్డ లోపలినుంచి బతిమాలాడు.

"కదలగూడదంటివి, సరే నాయనా. ఊపిరి యాడ దాచిపెట్టుకునేది?" అంది జేజి, సరిగ్గా రెండో అంకె దగ్గర.

ఆ పలకలో జేజికి రెండు నోళ్ళు పడ్డాయి. రెండో పలకలో రాట్నం మీద ఈగ వాలిందని తోలింది, మూడు చేతులు పడ్డాయి. మూడోసారి నేను ఆమె ఎదురుగా నిలబడి, ఏడుపు ఆపుకుంటూ చూస్తూ ఉంటే, నా ముఖమే చూస్తూ కదలకుండా ఉండిపోయింది. అది ఒక్కటే మంచి పలక.

అన్నీ కలిపి చివరి రోజు కడిగి ఆరబెట్టి, మరుసటి పొద్దున చూస్తే పన్నెండు పలకల మీదా ఉప్పు గింజ కట్టి ఉంది. మా ఆయన ముఖం చూడలేకపోయాను. అంత బాగా పప్పు ఉడికిన నీళ్ళు ఇట్లా ఎందుకు చేశాయో ఆయనకు అంతు చిక్కలేదు. మా అత్త చేత అక్కడే మళ్ళీ పప్పు వండిస్తే అయిదు కట్టెలూ బూడిదైనా గింజలు గులకరాళ్ళలాగా మోగాయి. ఇంతలో జేజి, తాను ఈ చలికాలం దాటుతుందో లేదో, తన పటం చూడకుండా మమ్మల్ని పోనివ్వనని పట్టుబట్టింది. మా ఆయన చేసేదిలేక ఆ పలక కింద కాగితం పెట్టి ఎండలో అచ్చు వేశాడు. ఉప్పు గింజ అడ్డుపడిన ప్రతిచోటా కాగితం మీద తెల్లచుక్క మిగిలింది. ఈ మచ్చలకు తన తప్పేమీ లేదని ఆయన చెప్పబోతే జేజి వినలేదు.

"మచ్చలు కాదులే నాయనా, అక్షింతలు. పెండ్లి నాడు గూడా నా నెత్తిన ఇన్ని పడలే," అంది.

తిరుగు ప్రయాణంలో కుందూ రేవు దగ్గర బండి ఆపి, మా ఆయన చిన్నాయనను నిలదీశాడు. సీసాలో నీళ్ళు దారిలో ఒలికిపోతే ఇక్కడ కుందూలో నింపుకుని వచ్చావు, నా పలకలన్నీ పాడు చేశావు, నీ బండిలో ఇంకెప్పుడూ ఎక్కనని ఆయన అంటూ ఉంటే, పాపం చిన్నాయన ముఖం నల్లబడిపోయింది.

"మా ఊరి బావి నీళ్ళేనప్పా. ఈ ఎద్దుల మీద ఒట్టు," అన్నాడు.

ఎద్దుల మీద ఒట్టు పెట్టుకున్న మనిషిని ఇంకా దొంగను చేస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. బండి దిగి, తల వంచుకుని, సోడా ఉప్పు సంగతి మూడు చిటికెల లెక్కతో సహా చెప్పేశాను. మా ఆయన నోరు తెరిచాడు. ఆయన కంటే ముందు మా అత్త అందుకుంది.

"సోడా ఉప్పు రుచి నాకు తెల్దనుకుంటివా? ఆ పొద్దే తెలుసు. మా అమ్మకు పటం లేదు, ఇప్పుడు తలుచుకుంటే ముఖం సగమే కనపడుతాది. నీకన్నా ఉండనీలే అని గమ్మునుంటి."

ఆ మాటకు నేను ఏడ్చినంతగా అత్తవారింటికి పోయేటప్పుడు కూడా ఏడవలేదు. మా ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పెట్టె దించి, పంచె ఎగగట్టి కుందూలోకి దిగాడు. ఆ మంచినీళ్ళలో ఒక్కొక్క పలకా కడుగుతూ ఉంటే ఉప్పు కరిగి ముఖాలు తేటగా బయటపడ్డాయి. పదకొండు పలకలూ బాగుపడ్డాయి, జేజి రెండు నోళ్ళూ మూడు చేతులతో సహా. పన్నెండోది, ఆ ఒక్క మంచి పలకా, నేనే కడుగుతానని లాక్కున్నాను. మా జేజిని నేను కాక ఎవరు కడుగుతారని నా మొండితనం. పొద్దుటి నీళ్ళకు వేళ్ళు కొయ్యబారి ఉన్నాయి, పలక జారి రాతి మీద పడి మూడు ముక్కలైంది.

ఎవరూ తిట్టలేదు, తిట్టి ఉంటే బాగుండేది. కర్నూలు చేరాక గడప దగ్గర మా ఆయన ఒకే మాట అన్నాడు, ఇకమీదట పప్పు ఉడికే రోజు నన్ను వంటింట్లోకి రానివ్వవద్దని. ఆ మాట బతికినంత కాలం నిలబెట్టుకున్నాడు.

జేజి ఆ చలికాలం దాటింది, మరుసటిది చూడలేదు. ఎండలో అచ్చు వేసిన ఆ ఒక్క కాగితం నా దగ్గరికి వచ్చింది.

ఇదంతా విని మా మనవరాలు పడి పడి నవ్వింది. నవ్వాక ఆ పటాన్ని ఫోనులోకి ఎక్కించి, ఇదేం పెద్ద పని కాదు, ఒక్క వేలితో ఈ చుక్కలన్నీ తుడిచేస్తానంది. నేను దాని చేయి పట్టుకున్నాను. ఇప్పుడు అన్ని ఊళ్ళకూ క్యానులో ఒకే రుచి నీళ్ళు వస్తున్నాయి, పప్పు ఎక్కడైనా ఉడుకుతుంది, ఎక్కడికి పోయినా ఫోటో వస్తుంది. మా ఊరి బావిని ఎప్పుడో పూడ్చి, పైన ఇల్లు కట్టేశారు. నేను పదహారేళ్ళు తాగిన ఆ ఉప్పు నీళ్ళు, తిట్టుకుంటూ తాగిన నీళ్ళు, ఈ లోకంలో ఇంకెక్కడా లేవు, జేజి నెత్తిన ఆ చుక్కల్లో తప్ప. వాటిని అట్లే ఉండనీ అన్నాను.