వెంకటదుర్గ కోసిన కోడి

కోడికూర తినని వాళ్ళతో వెంకటదుర్గకు ఏ పేచీ లేదు. ఆమెకు పడనిది, లొట్టలేసుకుంటూ తిని కోసే చోట ముక్కు మూసుకునేవాళ్ళు. తునికీ అన్నవరానికీ మధ్య, హైవే దిగి కొంతదూరం లోపలికి పోతే వాళ్ళ ఊరు. ఇంటి వెనక కొబ్బరిచెట్ల నీడన రేకుల షెడ్డు, షెడ్డు పక్కన చింతమొద్దు, కత్తి, వేడినీళ్ళ కాగు. కోడిపిల్లలు వచ్చిన కొత్తలో బల్బుల కింద వెచ్చగా ఉంచడం దగ్గర్నుంచి, ఎదిగాక కోసి, కడిగి, ముక్కలు కొట్టి కవర్లో వేసి ఇచ్చేదాకా అన్నీ ఆమె చేతి మీదే జరిగేవి. ఈకలు పీకడానికి ఏసమ్మ సాయం వచ్చేది.

అన్నవరం కొండ మీద వ్రతం చేసుకుని, ప్రసాదం కారులో పెట్టుకుని తిరిగి వస్తూ ఆమె దగ్గర ఆగేవాళ్ళు కూడా ఉండేవారు. కారు అల్లంత దూరాన ఆపి, మొద్దు వైపు వీపు తిప్పి నిలబడి, "రేపటికేనండి, ఇవాళ ముట్టుకోం" అని ఎవరూ అడక్కుండానే చెప్పేవారు.

"ఆ సంగతి స్వామికి చెప్పుకోండి. నాకు స్కిన్‌తోనా, స్కిన్‌లెస్సా అది చెప్పండి చాలు" అనేది వెంకటదుర్గ, తల ఎత్తకుండా.

ఆమె భర్త సత్యప్రసాద్ ఈ జాతి మనుషుల్లో మొదటివాడు. మెత్తని మనిషని ఊళ్ళో పేరు. బద్ధకానికి జనం పెట్టిన ముద్దుపేరు అదని ఆమె ఎప్పుడో తేల్చుకుంది. సెంటర్లో రీచార్జి కొట్టు పెట్టి, దాన్ని మూసేసి, ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కోళ్ళ ఆలోచన ఆమెది. మొదటిసారి కోళ్ళు ఎదిగి అమ్మకానికి వచ్చిన రోజున, కోస్తానన్న మనిషి రాలేదు. కొనేవాళ్ళు వాకిట్లో నిలబడి ఉన్నారు. కత్తి చేతికిస్తే సత్యప్రసాద్ ముఖం పాలిపోయింది. "నా వల్ల కాదు దుర్గా, ఆ కళ్ళు చూడలేను" అని పెరటి గుమ్మం దాటి వెళ్ళిపోయాడు. ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని తనే కోసింది. మొదటి కోడికి రెండు వేట్లు పట్టాయి. తర్వాత ఒక్కటే చాలింది. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ఆ మనిషే, "కందనకాయ నాకు వెయ్యి" అన్నాడు. ఆ పూట నుంచి ఆయన మీద ఆమెకు ఉండాల్సిన గౌరవం "మీరు" అనే పిలుపులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

సత్యప్రసాద్ తమ్ముడు గణేష్‌బాబు ఇంకో రకం. పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ క్యాటరింగ్ చేసేవాడు. మెళ్ళో గొలుసు, చేతిలో రెండు ఫోన్లు. "ఆడమనిషి కోడిని కొయ్యడం ఏంటొదినా, ఇంటికి మంచిది కాదు" అని మొదట్లో నీతులు చెప్పాడు. ఊళ్ళోవాళ్ళు ఆమె కోసిన కోడిని మెచ్చుకోవడం మొదలెట్టాక ఆ నీతులు మానేసి ఆర్డర్లు ఇచ్చాడు.

ఈ ఏడు మే నెలలో గణేష్‌బాబుకు పెద్ద పని తగిలింది. రైసుమిల్లు సురేష్‌బాబు గారమ్మాయి ఓణీల ఫంక్షన్. కోళ్ళన్నీ వదినే ఇవ్వాలన్నాడు. షెడ్డు నిండా బాగా ఎదిగిన కోళ్ళున్నాయి. ఆమె సరేనంది.

ఫంక్షన్‌కి ముందురోజు ఎండ నిప్పులు చెరిగింది. దాణా కోసం తుని వెళ్తూ వెంకటదుర్గ మొగుడికి ఒకటే మాట చెప్పింది. "కరెంటు పోయి ఫ్యాన్లు ఆగితే గోనెపట్టాలు తడిపి చుట్టూ కట్టండి. రేకుల మీద నీళ్ళు చల్లుతూ ఉండండి. ఇంకేం చెయ్యక్కర్లేదు." ఆయన తల ఊపాడు. తల ఊపడంలో ఆయన్ని మించినవాడు లేడు.

ట్రాన్స్‌ఫార్మర్ పేలి కరెంటు పోయింది. ఆమె తిరిగొచ్చేసరికి షెడ్డులో చప్పుడు లేదు. సగానికి పైగా కోళ్ళు రెక్కలు చాపి ఊకలో పడి ఉన్నాయి. మిగిలినవి నోళ్ళు తెరుచుకుని రొప్పుతున్నాయి. సత్యప్రసాద్ లోపల్నుంచి కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. ఒక చెంప మీద చాప అచ్చులు పడి ఉన్నాయి.

"నీళ్ళు చల్లుదామనే అనుకున్నాను దుర్గా. మోటారు కూడా కరెంటుతోనే కదా" అన్నాడు.

"చేతిపంపు కూడా కరెంటుతోనే ఆడుతుందాండీ?"

 ఆమె జవాబు కోసం ఆగలేదు. ఏసమ్మను కేకేసి, ఇద్దరూ బిందెలతో నీళ్ళు మోసి బతికున్నవాటిని బతికించారు. చచ్చినవాటిని షెడ్డు బయట కుప్ప వేశారు. కొబ్బరిచెట్ల వెనక గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలని ఆమె గునపం తీసుకుంది.

అప్పుడే గణేష్‌బాబు ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు. కుప్పను చూశాడు. వంగి ఒక కోడి మీద చెయ్యి వేశాడు.

"ఇంకా వేడిగానే ఉన్నాయి కదా వదినా. గొయ్యి ఎందుకు? కోసేద్దాం. మసాలా దట్టిస్తే ఎవడికి తెలుస్తుంది?"

"తెలియకపోతే తినిపించేస్తావా?"

"ఊరంతా చేసే పనేనండి బాబూ. మీరొక్కరే చెయ్యనంటే ఎలా?"

"నీ పెళ్ళాం పిల్లలకి ముందు వండి పెట్టి రా మరిదీ. వాళ్ళు తింటే అప్పుడు మాట్లాడదాం. రేపు పొద్దున్నే బతికున్నవి కోసి ఇస్తాను. అంతే. చచ్చిన కోడి నా దొడ్డి దాటదు."

అతను విసవిసా ముందువైపు వెళ్ళాడు. ఆమె, ఏసమ్మ గొయ్యి తవ్వడానికి చెట్ల వెనక్కి వెళ్ళారు. కాసేపటికి సున్నం బస్తా కోసం వెంకటదుర్గ ఇవతలికి వచ్చింది. వచ్చి అలాగే నిలబడిపోయింది.

కుప్ప సగం తరిగిపోయింది. గణేష్‌బాబు ఆటోలో నిలబడి బస్తాలు అందుకుంటున్నాడు. అందిస్తున్నది సత్యప్రసాద్. కోడి కళ్ళు చూడలేని ఆ మెత్తని మనిషి, చచ్చిన కోళ్ళను కాళ్ళు పట్టుకుని గోనెసంచుల్లో కుక్కుతున్నాడు.  పెళ్ళయినప్పటి నుంచీ ఆయన అంత చురుగ్గా పని చెయ్యడం ఆమె చూడనేలేదు.

ఆమె కేకలు వెయ్యలేదు. షెడ్డు కడగడానికి ఉంచిన ఫినాయిల్ డబ్బా తీసుకుని ఆటో దగ్గరికి నడిచింది. మూత తీసి, ఒక్కో బస్తా మీద నిదానంగా, మొక్కకు నీళ్ళు పోసినట్టు పోసింది. మిగిలింది కింద కుప్ప మీద ఒంపింది.

"ఏం చేస్తున్నావ్! నీకేమన్నా పిచ్చా!" గణేష్‌బాబు ఆటోలోంచి దూకాడు. మర్యాద ఎగిరిపోయింది.

"ఇప్పుడు మసాలా దట్టించుకో."

సత్యప్రసాద్ చేతిలో సంచి అలాగే ఉంది. "తమ్ముడు మాటిచ్చాడు కదా దుర్గా, పరువు పోతుందని..." అన్నాడు. ఆమె ఆయన్ని పైనుంచి కిందికి ఓసారి చూసింది. "ఆ బస్తాలు దించి చేతులు కడుక్కోండి. చేతిపంపు దగ్గర" అని సున్నం బస్తా ఎత్తుకుంది.

మర్నాడు తెల్లవారుతూనే బతికున్న కోళ్ళన్నిటినీ కోసి, శుభ్రం చేసి పంపింది. మధ్యాహ్నం ఫంక్షన్‌కీ వెళ్ళింది. పిలిచినవాళ్ళు తనకు కావలసినవాళ్ళు. గణేష్‌బాబు కోసం మానుకోవడం ఏమిటి? భోజనాల దగ్గర సురేష్‌బాబు భార్య నీలవేణి వచ్చి నొచ్చుకుంది. "ఏంటండీ గణేష్‌బాబు గారూ, కూరలో ముక్క వెతుక్కోవాల్సొస్తోంది?"

"మా వదిన కోళ్ళు ఇవ్వలేకపోయారండి" అన్నాడు గణేష్‌బాబు నవ్వుతూ. "ఆడవాళ్ళ వ్యాపారం కదా, మీకు తెలియందేముంది."

వెంకటదుర్గ ముద్ద విస్తట్లో పెట్టింది. "సగం కోళ్ళు ఎండకు చచ్చాయండి. ఆ చచ్చినవే వండి పెడతానన్నాడు మా మరిది. నేను ఫినాయిల్ పోసి పూడ్చేశాను. అందుకే ముక్కలు తక్కువ."

 బంతిలో ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లేచింది. ఆ వెనక ఇంకొకరు. అప్పటిదాకా గ్రేవీ కోసం గిన్నె పట్టుకున్న వాణ్ణి లాగి లాగి అడిగిన పెద్దమనిషి, ముక్కల్ని వేలితో విస్తరి చివరికి నెట్టేశాడు.

"ఇవి బతికున్న కోళ్ళేనండీ. పొద్దున్న నా చేత్తో కోశాను" అంది ఆమె. ఎవరూ వినిపించుకోలేదు. విస్తళ్ళలో నిక్షేపంలాంటి మాంసం కుక్కల పాలైంది. వాళ్ళకు బుర్రలు లేవని ఆమెకు ముందే తెలుసు. ఇంతగా లేవని తెలియదు. వడ్డించే మనిషిని పిలిచి తనకు ఇంకో గరిటె వేయించుకుంది. నెమ్మదిగా తిని, చెయ్యి కడుక్కుని ఇంటికొచ్చింది.

గణేష్‌బాబు మళ్ళీ గడప తొక్కలేదు. వదిన నోటి వల్ల తన క్యాటరింగ్ దెబ్బతిందని ఊరూరా చెప్పుకున్నాడు. వింతేమిటంటే, జనం అనుమానపడింది అతన్ని కాదు, ఆమెను. ఇదివరకు వీపు తిప్పి నిలబడేవాళ్ళే ఇప్పుడు మొద్దు దగ్గరికి వచ్చి, "బతికున్నదే కదండీ, మా ముందే కొయ్యండి" అంటున్నారు. రక్తం చూసి గుటకలు మింగుతూ, అయినా చూపు తిప్పకుండా నిలబడుతున్నారు. నిజం చెప్పినందుకు తనకు దక్కిన బహుమానం ఇదని ఆమెకు అర్థమైంది. వాళ్ళమీద జాలి పడేంత తీరిక ఆమెకు లేదు. కత్తి మాత్రం ఇంకాస్త దగ్గరగా, వాళ్ళ ముఖాల ముందే ఆడిస్తోంది.

సత్యప్రసాద్ కొన్నాళ్ళు అరుగు మీదే ముడుచుకు కూర్చున్నాడు. ఒకనాడు పొద్దున్నే తువ్వాలు ముక్కుకు కట్టుకుని షెడ్డు దగ్గరికి వచ్చాడు. "ఈకలు నేను పీకుతాను" అన్నాడు.

వెంకటదుర్గ పీట ఆయన వైపు తోసింది. ఆయన కూర్చుని, వేడినీళ్ళలో ముంచిన కోడిని రెండు వేళ్ళతో అందుకున్నాడు. ఏసమ్మ నవ్వు ఆపుకుంటూ, "అయ్యగారు మారిపోయారండి" అంది.

"మారలేదు. అరుగు మీద కూర్చుంటే కూడు ఎవరు పెడతారని భయం పట్టుకుంది" అంది వెంకటదుర్గ, ఆయనకు వినపడేలాగే.

ఆయన తల ఎత్తలేదు. ఈకలు పీకుతూనే ఉన్నాడు. ఆమె ఇంకో కోడి కోసం షెడ్డులోకి వెళ్ళింది.