ఐస్ మీద కొట్టిన గుమ్మడికాయ

మొన్న శనివారం ఒక్క బూడిద గుమ్మడికాయ నా జనరల్ మేనేజర్ కుర్చీని ఏం చేసిందో చెప్తా వినండి. మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి, ఇంట్లో మా ఆవిడ ఇప్పటికే మొదలుపెట్టింది.

మా ఓనరుకి చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, పక్కనే కోల్డ్ స్టోరేజీ ఉన్నాయి. ఆ మధ్య ఆయనకి పిచ్చి పట్టి ఐస్ హాకీ లీగ్‌లో ఒక టీమ్ కొన్నాడు. అదేం ఆటంటే, బ్లేడ్లున్న బూట్లేసుకొని ఐస్ మీద జారుతూ రబ్బరు బిళ్లని కర్రలతో కొట్టుకోవడం. "మనకెందుకు సార్ ఇది?" అంటే, "కోల్డ్ స్టోరేజీ నడిపేవానికి ఐస్ తెలీదా యేమప్పా?" అన్నాడు. తిరుపతి రోడ్డులో పెద్ద షెడ్డేసి లోపల ఐస్ పరిపించాడు, లడఖ్ నుంచి పిల్లోళ్లని తెచ్చాడు.

టీమ్ ఓడితే మా ఓనరు ఆటగాళ్ల జోలికి పోడు, జనరల్ మేనేజర్‌ని మారుస్తాడు. మొదట ఆయన బామ్మర్ది. జాతకం చూసి గోల్‌కీపర్‌ని తీసుకున్నాడు. పాపం ఆ అబ్బాయికి గురుబలం తప్ప వేరే బలం లేదు. తర్వాత వచ్చినాయన వాస్తు మనిషి. మన గోల్‌పోస్టు దక్షిణం చూస్తోందని తూర్పుకి తిప్పించాడు. అది గోడని చూస్తూ నిలబడితే రెఫరీ ఒప్పుకోలేదు. ఆ తర్వాత చెన్నై నుంచి ఒక క్రికెట్ కోచ్. మొదటి రోజే, ముందు మనం కొడదామా, వాళ్లని కొట్టనిద్దామా అని అడిగాడు.

ఆయన తర్వాత నేను. అప్పటిదాకా ఫ్యాక్టరీలో గుజ్జు డ్రమ్ముల లోడింగ్ సూపర్‌వైజర్‌ని. ఐస్ హాకీకి నా అర్హత ఏమిటంటే, నా దగ్గర స్వెటర్ ఉంది. మా ఆవిడ మాత్రం గూడూరులో ఉన్న పిన్ని దాకా ఫోన్లు చేసి, మా ఆయన జనరల్ మేనేజర్ అని చెప్పేసింది. శనివారం మ్యాచ్‌కి ముందు ఓనరు పిలిచి, "ఇది గూడా పోయిందంటే మళ్లా డ్రమ్ముల కాడికే పోతావు, సూసుకో" అన్నాడు.

నాకు భయం పట్టుకుంది. "సార్, ఇంతమందిని మార్చినా గెలవలేదంటే మన టీమ్‌కి దిష్టి తగిలుండాది. గుమ్మడికాయ కొడదాం" అన్నాను. ఓనరు ముఖం వెలిగిపోయింది. "నడిమధ్యలో కొట్టప్పా" అన్నాడు.

కాయకి బొక్క పెట్టి, కుంకం నీళ్లు పోసి, చిల్లర వేసి, పైన కర్పూరం వెలిగించి ఐస్ మీదికి దిగాను. దిష్టి తీసేటప్పుడు చెప్పులేసుకోకూడదు కదా, వట్టికాళ్లతో దిగాను. రెండు సార్లు తిప్పేసరికి నా పాదాలు నావి కాకుండా పోయాయి. తలపైకి ఎత్తి కొడితే కాయ కంటే ముందు నేనే పగులుతానని అర్థమైంది. ఒడ్డున మా లారీ డ్రైవర్ మునిరత్నం మందపాటి సాక్సులతో నిలబడి ఉన్నాడు. "రత్నం, నువ్వు కొట్టప్పా" అని కాయ ఆయన చేతిలో పెట్టి ఒడ్డుకొచ్చాను. "దానికేం సార్, లారీకి ఎన్ని కొట్టినాను" అంటూ ఒక్క దెబ్బకి కొట్టాడు.

రోడ్డు మీదైతే వాన కడిగేస్తుంది. ఐస్ మీద కుంకం నీళ్లు ఇంకి గడ్డకట్టాయి. గింజలు, చిల్లర వాటితోపాటే బిగుసుకుపోయాయి. అవతలి టీమ్ కెప్టెన్ వచ్చి చూసి, ఎవరికి దెబ్బ తగిలిందని కంగారుగా అడిగాడు. ఎవరికీ కాదు, దిష్టి అన్నాను. పారతో గీకాను, రాలేదు. ఇంక నా తెలివంతా పెట్టి బకెట్లతో వేడినీళ్లు పోయించాను. చిల్లర వచ్చింది, దాంతోపాటు ఐస్ కూడా వచ్చి కింద సిమెంటు కనబడింది.

రెఫరీ ఆ గుంటని చూసి మ్యాచ్ రద్దన్నాడు. తప్పు మాదేనని రాయడానికి రూల్స్ తిరగేశాడు. వాటిలో గుమ్మడికాయ ప్రస్తావన లేదు. చేసేదిలేక చెరో పాయింటు ఇచ్చాడు.

అది మా టీమ్ పుట్టినప్పటినుంచి వచ్చిన మొదటి పాయింటు. ఓనరు చేతులు చాపుకొని పరిగెత్తుకొస్తున్నాడు. నేనూ చేతులు చాపాను. ఆయన నన్ను దాటుకొని పోయి మునిరత్నాన్ని కౌగిలించుకున్నాడు.

"నీ చెయ్యి శానా మంచిది రత్నం."

"సార్, గుమ్మడికాయ కొడదామన్నది నేను గదా" అన్నాను.

"ఎవరన్నా అంటారప్పా. కొట్టిన చెయ్యి గదా పనిచేసేది."

సోమవారం నుంచి మునిరత్నం మా జనరల్ మేనేజర్. నన్ను డ్రమ్ముల దగ్గరికి పంపలేదు లెండి, అసిస్టెంట్‌గా ఉంచారు. ఆదివారం మళ్లీ మ్యాచ్. బజారుకి పోయి కాయ తెచ్చేది నేను, బొక్క పెట్టేది నేను. కొట్టేది మాత్రం మునిరత్నం సారు.