జేజి చదివిన లిపి

ఎండకు కాలిన కడప బండ మీద నీళ్లు పడితే ఒక వాసన వస్తుంది. కంప్యూటర్‌లో నా సొంత లిపికి అక్షరాలు గీసుకుంటుంటే, ఇవాళ మిద్దె మీంచి ఆ వాసనే దిగివచ్చింది.

మా జేజి, అంటే నాయన తల్లి, చదువుకోలేదు. ఎవరికీ రాని లిపి నేనే పుట్టిస్తే జేజికీ చదువుకున్నవాళ్లకూ తేడా ఉండదని చిన్నప్పుడు అనుకున్నాను. మిట్టమధ్యాహ్నం చెంబులో వేలు ముంచి, వాకిట్లో బండ మీద ఆ లిపిలో ఆమె పేరు రాశాను.

"జేజీ, ఏం రాసినానో సదువు."

చేతులు తుడుచుకుంటూ వచ్చి, వంగి చాలాసేపు చూసింది. నేను ఆమె మొహమే చూస్తున్నాను.

"నా పేరే కదప్పా. శానా బాగుండాది."

జేజికి చదువొచ్చిందని వీధంతా చెప్పుకొచ్చాను. ఆ ఎండలో, ఆమె వచ్చేసరికి బండ మీద ఏమీ మిగిలి ఉండదని నాకిన్నేళ్లూ తట్టనేలేదు.