నకిలీ బాయ్‌నెట్‌కి నా సాక్ష్యం

ఈ మధ్యాహ్నం, వైశాలిలో స్థిరపడ్డ మా ఊరి అంకుల్ ఇంట్లో భోజనానికి కూర్చుంటూనే గొడవ పెట్టుకున్నాను. గోడకి ఆయన మురిపెంగా తగిలించుకున్న పాత బ్రిటిష్ బాయ్‌నెట్, అంటే తుపాకీ మొనకి బిగించే కత్తి గురించి. "మన తాతల్ని పొడిచినదాన్ని అలంకారానికి పెట్టుకుంటారా?" అన్నాను. చదివిన కరపత్రాలన్నీ ఒక్కసారిగా నోటికొచ్చాయి.

వడ్డిస్తున్న ఆంటీ గరిటె ఆపేశారు. "మనుషుల్ని పొడిచిందా? నిజమైతే ఈ పూటే బయట పడెయ్యండి. బొమ్మదైతే ఉండనివ్వండి."

నిన్నటిదాకా అది అసలు సిసలుదని ఊదరగొట్టిన అంకుల్ టక్కున మాట మార్చారు. "అరే, నకిలీదేనోయ్! పిడికున్న ఆ మీట కదలనే కదలదు. ఇక తుపాకీకి ఎలా బిగిస్తారు?"

"పిడి మీదా ఒర మీదా ఒకటే నంబరుంది. అసలుదే!" అని అరిచాను.

ఆంటీ పెరుగు తేవడానికి లోపలికెళ్లారు. దాన్ని గోడ మీంచి దించి, దీపం నూనె రెండు చుక్కలు వేసి మీట నొక్కాను. హాయిగా కదిలింది. అంకుల్ నాకు రెండు చేతులూ జోడించారు.

"ఏం తేలింది బాబూ?" అంటూ ఆంటీ వచ్చారు.

"నకిలీదే ఆంటీ," అన్నాను, కంచంలోకి చూస్తూ.

సామ్రాజ్యవాదంతో రాజీపడ్డానని తిట్టేవాళ్లు తిట్టండి. కానీ అంకుల్ మొహం చూశాక మీరైతే ఏమనేవారో అది కూడా రాయండి.