తాత ఇంజను ఆపే వేళ

పోయిన నెల తిరుపతిలో బస్సుకు ఇంకా టైముంటే, పక్కనే ఉన్న సంగీత వాయిద్యాల అంగట్లోకి దూరాను. కొనడానికేం కాదు, పాత గాలి మళ్లింది, అంతే. అక్కడి కుర్రవాడు టిఫిను క్యారియరంత ఆంప్లిఫైయరు చూపించి, మీట నొక్కితే ఏ పాత స్పీకరు పెట్టె సౌండైనా ఇందులో పలుకుతుందన్నాడు. బేస్ గిటారు తీగ ఒకటి మీటాడు. నేను చెవి పెట్టి వినాల్సింది పోయి, వెళ్లి గోడకు అరచెయ్యి ఆనించాను. "గోడకేమైంది సార్?" అన్నాడు పాపం. ఏమని చెప్పను? ఆ అలవాటు మా అవ్వది.

తొంభైల చివర్లో నేను చిత్తూరు ఆర్కెస్ట్రా ఒకదానిలో బేస్ గిటారు వాయించేవాణ్ని. ఉత్సవాల్లో, పెళ్లిళ్లలో సినిమా పాటలు. బేస్ గిటారంటే నాలుగే నాలుగు లావు తీగలు. పాటకు అది పునాది, పునాదిలాగే ఎవరికీ కనపడదు. నా ఖర్మకు వినపడేదీ కాదు. మైక్‌సెట్టు వాళ్ల గొట్టం స్పీకరుకు తగిలిస్తే డబ్బాలో పడ్డ కందిరీగలా గీపెట్టేది. కీబోర్డు వాయించే ఆయన్ని బతిమాలి తెచ్చుకున్న చిన్న పెట్టెలో స్పీకరు కాగితం రెండు పాటలకే చినిగింది, ఆయన నాతో మాటలు మానేశాడు. చివరికి మా మాస్టరు తేల్చేశాడు: "కాణిపాకం ఉత్సవాలకు నీ సౌండు జనం కడుపులో తగలల్లప్పా. లేదంటే ఇంకొకర్ని సూసుకుంటా." నాకేమో వేరే విద్య రాదు.

"లావు సౌండుకు లావు పెట్టె కావల్ల, పెట్టెలోపల గాలి ఆడల్ల" అని మైక్‌సెట్టు అన్న ఒక పెద్ద స్పీకరు వెతికి, నడుమెత్తు చెక్కపెట్టె చేయించి, ఆంప్లిఫైయరు తనే బిగించి ఇచ్చాడు. దాన్ని బంగారుపాళ్యం బస్సు టాపు మీదికి ఎక్కిస్తుంటే కండక్టరు, "ఏం పెట్టెప్పా ఇది, మనిషి పడుకోవచ్చు" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

మా ఇల్లు బంగారుపాళ్యం దగ్గర మామిడితోటల్లో. నాయన గుజ్జు ఫ్యాక్టరీ పని ముగించుకుని పొద్దుపోయాక గానీ వచ్చేవాడు కాదు. ఇంట్లో అమ్మ, నేను, నాయన తల్లి అవ్వ. అవ్వకు బ్రహ్మచెవుడు, పక్కన పిడుగు పడ్డా తల తిప్పేది కాదు. ఆ సాయంత్రం పెట్టెను గోడకు ఆనించి, తీగలు మీటుతూ, మరలు తిప్పుతూ పోయాను. ఒకచోట సౌండు కుదిరింది. గుండ్రంగా, బరువుగా, నేలలోంచి వచ్చినట్టు. ఎంత సంతోషమైందో చెప్పలేను. తనివితీరా వాయించి ఠక్కున ఆపాను. వెనక్కి తిరిగితే వంటింటి గుమ్మంలో అవ్వ, గోడకు అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది.

"ఇంజను అట్ట ఆగిపోయిందేం నాయనా? ఇది మీ తాత ఆపింది కాదు" అంది.

మా బావికి ఒకప్పుడు డీజిల్ ఇంజను ఉండేది. చుట్టూ ఎన్ని ఇంజన్లు కొట్టుకుంటున్నా ఏ ఇంటి ఆడవాళ్లకు ఆ ఇంటి ఇంజను తెలిసేదట. చెవులు వినపడని అవ్వ గోడకు అరచెయ్యి ఆనించి పట్టేది. అది ఆగిందంటే మనిషి బయల్దేరినట్టే. చెంబుతో నీళ్లు వాకిట్లో పెట్టి, తట్టలో, అంటే కంచంలో, సంగటి వేసేవాళ్లు. మనిషి చేత్తో ఆపితే ఇంజను పెద్ద చక్రం మెల్లమెల్లగా తిరిగి నిలుస్తుంది. డీజిల్ అయిపోతే దగ్గి, ఠక్కున చస్తుంది. నేను పుట్టకముందు ఒక సాయంత్రం మా ఇంజను అలాగే చచ్చింది. అవ్వ నీళ్లు పెట్టుకుని కూర్చుంది. తాత కాలువ గట్టున పడి ఉన్నాడు, ప్రాణం ఎప్పుడో పోయింది. ఆ ఇంజన్ను తర్వాత పాత ఇనుముకు అమ్మేశారు.

ఆ పూట అవ్వ తినలేదు. "మీ తాత రాకనే నేనెట్ట తినేది?" మరునాడూ అదే మాట. అమ్మ ఏడ్చింది, నన్నూ నా పెట్టెనూ కలిపి తిట్టింది. నాకు తోచింది నేను చేశాను. అదే సౌండు పెట్టి, ఒకే తీగ మీద డుగ్గు డుగ్గుమని కాసేపు వాయించి, చివర్లో దెబ్బకూ దెబ్బకూ ఎడం పెంచుకుంటూ పోయి నిలిపాను. గోడ మీది చెయ్యి తీసి అవ్వ నవ్వింది. "ఆపినాడు" అంది. వాకిట్లో నీళ్లు పెట్టి, రెండు తట్టల్లో సంగటి, ఊరిబిండి పచ్చడి వేసి, ఎదుటి తట్టతో మాట్లాడుకుంటూ తిన్నది. ఆ రెండో తట్ట అలాగే మిగిలేది, అమ్మ కుక్కకు వేసేది. ఇక ప్రతి సాయంత్రమూ ఇదే తంతు. ఆ తట్ట వైపు చూడకుండా నేను పక్కకు తిరిగి కూర్చునేవాణ్ని. కానీ అవ్వ తింటోంది కదా.

ఇంతలో కాణిపాకం ఉత్సవాలొచ్చాయి. పెట్టె నాతో పోవాలి. పోతే ఇంట్లో ఇంజను ఆగదు, ఆగకపోతే అవ్వ తినదు. "పో, ఏదో ఒకటి సేసి తినిపిస్తాలే" అంది అమ్మ. ఆ రోజు స్టేజీ మీద మాస్టరు మొదటిసారి నా భుజం తట్టాడు. నా మనసు మాత్రం మా ఇంటి గోడ దగ్గరే ఉంది.

తెల్లవారి ఇల్లు చేరేసరికి అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. అవ్వ తిన్నదా అని అడిగాను.

"తినింది. సాయంత్రం కరెంటు పోయింది, ఊర్లో ఒక మోటారూ తిరగలే. మీ అవ్వ పోయి గోడ మింద సెయ్యి పెట్టి, 'ఆపినాడు' అనింది. నీళ్లు పెట్టింది, రెండు తట్టల్లోనూ ఏసింది. ఇంగ నన్నేం అడగొద్దు."

"రెండోది కుక్కకేసినావా?"

అమ్మ నా వైపు చూడలేదు. "ఏసేదానికి ఏముండాది? రెండు తట్టలూ కడిగి పెట్టినాను" అంది.

అవ్వ పోయి చాలాకాలమైంది, పెట్టెను చెదలు తినేసింది. ఆ తర్వాత ఎన్నో అంగళ్లలో ఎన్నో పెట్టెలు మీటి చూశాను, ఆ సౌండు మళ్లీ దొరకలేదు. దొరుకుతుందేమోనన్న భయం కూడా ఉంది నాకు. పోయిన కాలం ఆగిపోయిందనే అనుకుంటాం గానీ, చేత్తో ఆపిన చక్రంలాగా అది ఎక్కడో ఇంకా కాసేపు తిరుగుతూనే ఉంటుంది.