కిటికీ దగ్గర చెప్పాల్సిన ఫలితం

సింహాచలం మాస్టారు పరమపదించారన్న దుర్వార్త గురువారం పొద్దున్న టీ గ్లాసు చేతిలో ఉండగా చెవిన పడింది. గుండె ఆగిందట. నమ్మబుద్ధి కాలేదు. ముందురోజు సాయంత్రమే రైల్వే క్వార్టర్లుండే ట్రాఫిక్ కాలనీ మలుపులో నన్ను ఆపి, "ఆ నీలం పెట్టె నేను పోనాకే తియ్యాల. ముందు తీసినావంటే నీ సెయ్యి ఇరిసేస్తాను" అని నవ్వి వెళ్ళిన మనిషి.

ఆయన మా ఆసుపత్రి ల్యాబ్‌కు ప్రాణప్రదమైన టెక్నీషియన్. నాకు సూది పట్టడం నేర్పిన గురువు. కోవిడ్ రోజుల్లో టీకా వేసుకున్న రోగుల నుంచీ, వేసుకోని వారి నుంచీ ప్రతిరోజూ ముక్కు నమూనా, వారం వారం రక్తం సేకరించే బృహత్కార్యం ఆయన భుజాన పడింది. వైరస్ ఎవరి ముక్కులో ఎన్నాళ్ళుంటుంది, యాంటీబాడీలు ఎవరిలో ఎంత పెరుగుతాయి అన్నది మా జిజ్ఞాస. టీకా పడినవారిలో వైరస్ త్వరగా తగ్గుముఖం పట్టేది. "బేగి పోద్ది గానీ, అసలు రాదని కాదమ్మా. ఉన్నన్నాళ్ళూ పక్కోడికి అంటించగలడు" అని అందరినీ హెచ్చరించేవారు.

ఫలితం ఫోన్‌లో చెప్పడం ఆయనకు గిట్టదు. రోగి ఉన్న క్వార్టరు కిటికీ ముందు నిలబడి, పేరు పెట్టి పిలిచి చెప్పేవారు. లోపలి నుంచి "ఇన్నాను" అన్న మాట వచ్చేదాకా ఎండైనా వానైనా కదిలేవారు కాదు. "ఫలితం కాగితానికి కాదు, మనిషికి సెప్పాల" అనేవారు.

ఆ మనుషుల్లో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్ళ రక్తం మాత్రం మా డీప్ ఫ్రీజర్‌లో ఉంది. మాస్టారు రోజూ ఉదయం తలుపు తీసి, ఆ తెల్లటి పొగలోకి వంగి, "అందరూ బాగున్నారా?" అని పలకరించేవారు. "ఏటి మాస్టారూ ఇది, బయమేస్తంది" అనేదాన్ని. "బయమెందుకే పిచ్చిమాలోకం! ఈళ్ళు పోనారు గానీ ఈళ్ళ రక్తం ఇంకా కాపలా కాస్తంది." నిజమే. కరిగించి పరీక్షిస్తే, చనిపోయినవారి యాంటీబాడీలు కూడా వైరస్‌ను గట్టిగా పట్టుకునేవి.

ఆయన సహధర్మచారిణి పైడమ్మగారు కోవిడ్ రెండో ఉధృతిలో కన్నుమూశారు. ఆయనకు టీకా పడింది. ఆవిడ వంతు ఇంకా రాలేదు. ఆయన ఒంట్లో ఏ నలతా లేదు. ఏ నలతా లేకుండానే రోగుల దగ్గర నుంచి వైరస్‌ను ఇంటికి తెచ్చానని నమ్మారు. "నేనే మోసుకొచ్చినాను" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో! అప్పట్లో సిబ్బంది నమూనాలు కూడా రోజూ తీసేవాళ్ళం. తనవి మాత్రం ఫ్రీజర్ అడుగున ఒక నీలం పెట్టెలో పెట్టి తాళం వేశారు. పరీక్షించి తేల్చేద్దామంటే మీద పడి కరిచినంత పని చేసేవారు. ఎంత మొండి మనిషి!

సోమవారం పెట్టె తెరిచాను. దహనమైన మనిషి దస్తూరీ ప్రతి గొట్టం మీదా చెక్కుచెదరకుండా ఉంది. పైడమ్మగారికి జ్వరం రాకముందు వారం రోజుల ఆయన నమూనాలలో ఎక్కడా వైరస్ లేదు. ఆవిడకు జ్వరం వచ్చిన మూడోనాటి గొట్టంలో మొదటిసారి కనిపించింది, కొద్దిరోజుల్లోనే మాయమైంది. ఆయన తేలేదు. ఆవిడ నుంచే ఆయనకు సోకింది. యంత్రం ముందు కూర్చుని భోరున ఏడ్చాను. బతికుండగా చూడనివ్వనందుకు ఆయన మీద కోపం కూడా వచ్చింది.

మధ్యాహ్నం ఆయన క్వార్టరుకు వెళ్ళాను. తలుపుకు తాళం. కిటికీ ముందు నిలబడి, "సింహాచలం మాస్టారూ! మీరు తేలేదు" అని గట్టిగా చెప్పాను. లోపల కుర్చీ కిర్రుమన్నట్టయింది. పక్కింటి బెంగాలీ దీదీ తొంగిచూసి, "ఎవరితో మాట్లాడుతున్నావు? లోపల ఎవరూ లేరు కదా" అంది.

"తెలుసు దీదీ" అన్నాను.

అటువంటి కర్మయోగి మా ఊరికి మళ్ళీ దొరకడు. చేతులు జోడించి అక్కడే నిలబడ్డాను. "ఇన్నాను" అని వినబడేదాకా కదలకూడదని నాకు నేర్పింది ఆయనే.