ముందుకు చాచిన చెయ్యి

సోమవారం పొద్దున్నకల్లా మొదటి పేజీ ఇవ్వకపోతే పుస్తకం ఇంకో ఆర్టిస్టు చేతికి పోతుంది. ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్ల కథలకు బొమ్మలు వేసిన నాకు, నా పేరుతో వచ్చే మొదటి కామిక్ అది. గీసినవన్నీ నేల మీద పారేశాను, ఆదివారం మధ్యాహ్నమైనా ముందున్న కాగితం తెల్లగానే ఉంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తోచదు. కిటికీలోంచి చూస్తే కోచింగ్ సెంటర్లుండే మైత్రీవనం వైపు బ్యాగులు తగిలించుకుని పోతున్న పిల్లలు. వాళ్లకు ఆదివారం కూడా క్లాసులే. వాళ్లకైనా వెళ్లడానికి ఒక చోటుంది.

శుక్రవారం పంజగుట్ట ఆఫీసులో మా ఎడిటర్, నా హీరోయిన్ మెట్రోలో నిలబడ్డ పేజీని చూసి బల్ల మీద పెట్టేశాడు.

"మస్తుంది గానీ గిది నీ బొమ్మ గాదు భాయ్. గా పెద్దాయనదే. పిల్ల మెట్రోల ఊకె నిలబడ్డది, గంతే గదా. దానికి సుత పిడికిలెందుకు?"

ఒళ్లు మండింది. మండినా, అన్నది నిజం.

ఆ పెద్దాయన ఎక్కడో సముద్రాల అవతల సూపర్‌హీరో కామిక్స్‌కి బొమ్మలు గీసుకుని ఎప్పుడో పోయాడు. ఆయనకు ముందు సూపర్‌హీరోలు పద్యనాటకంలో పాత్రల్లా దూరంగా, పక్కకు తిరిగి కొట్టుకునేవారు. ఆయన పిడికిలిని కాగితంలోంచి నేరుగా చదివేవాడి ముక్కు మీదికి తెచ్చాడు. ముందున్న చెయ్యి గుమ్మడికాయంత, వెనకున్న తల నిమ్మకాయంత. ఇవాళ్టికీ మా వృత్తిలో ఎవరు గుద్దు గీసినా అందులో ఆయన వాటా ఉంటుంది. నేనైతే పేవ్‌మెంటు మీద కొన్న పాత పుస్తకాలపై బటర్ పేపర్ పరిచి, ఆ చేతుల్నే దిద్ది దిద్ది పెరిగాను. ఇప్పుడు చాయ్ గ్లాసు పట్టుకున్న చెయ్యి గీయబోయినా గుద్దబోతున్నట్టే వస్తుంది.

అమ్మ చర్చి నుంచి వచ్చింది. నేల మీద నేను పారేసిన బొమ్మల్లో ఒకటి తీసి చూసింది.

"ఏంట్రా ఈ పిల్ల, మురిక్కాలవకి అటో కాలూ ఇటో కాలూ వేసినట్టు నిలబడింది? ముందు నువ్వా కాలు ఊపడం ఆపు, నాకు కళ్లు తిరుగుతున్నాయి."

"అయితే నువ్వే నిలబడి చూపించు. మెట్రోలో రద్దీగా ఉందనుకో" అన్నాను విసుగ్గా. నేల మీదే కూర్చుని పెన్సిల్ తీశాను.

అమ్మ బైబిలున్న సంచీ భుజానికి సర్దుకుంది. ఎడమ చేత్తో గుమ్మం కర్టెన్ రాడ్డు పట్టుకుంది. కుడి చెయ్యి, వేళ్లు విప్పి, కిందికి నా వైపు చాచింది. అది సరిగ్గా నా మొహం ముందుకొచ్చి ఆగింది.

"ఆ చెయ్యెందుకమ్మా అలాగ?"

తన చెయ్యి చూసుకుని తనే నవ్వింది. "అలవాటురా. నీ చిన్నప్పుడు అమీర్‌పేటలో బస్సెక్కితే ఒక చెయ్యి కమ్మీకి, ఒకటి నీకు. ఇది ఊరికే ఉంటే నువ్వు జనంలో తప్పిపోవూ?"

కింద నుంచి చూస్తుంటే ఆ చెయ్యి నిజంగానే అమ్మ మొహం కంటే పెద్దగా ఉంది. పెద్దాయన చేతుల్ని అంత పెద్దగా ఊరికే గొప్పకు గీయలేదు. నేనే ఆయన పిడికిలి చూసినంతగా ఆ చేతిని చూడలేదు.

"కదలకు" అన్నాను. అమ్మ భుజం నొప్పంటూనే నిలబడింది. అయ్యాక తొంగి చూసి, "నా చెయ్యి ఇంత లావా?" అని మూతి ముడిచింది.

సోమవారం ఎడిటర్ పేజీని దగ్గరికి తెచ్చుకున్నాడు. మెట్రో జనంలో నా హీరోయిన్, ఒక చెయ్యి పైన హ్యాండిల్‌కి, రెండోది విప్పుకుని చదివేవాళ్ల మీదికి.

"గిది సుత పెద్దాయన లెక్కనే ఉంది గదా?"

"గీసే తీరు ఆయనదే అన్నా. చెయ్యి మా అమ్మది."

ఎడిటర్ అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, బొమ్మలోని చేతిలో పెట్టి చూసుకున్నాడు.

"రెండో పేజీ ఎప్పుడిస్తవ్?" అన్నాడు, చెయ్యి తీయకుండానే.